రెక్కలు మోసే బరువు

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వైజ్ఞానిక వ్యాస ప్రక్రియకు చెందినది. చిన్న విమానం ఎంత బరువు మోయగలదు, ఆ బరువు ఏ చోట ఉండాలి, వేడిగాలి విమానశక్తిని ఎలా తగ్గిస్తుంది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. లెక్క తెలిసినంత మాత్రాన చాలదని, ఆ లెక్కకు కట్టుబడి నిలిచే మనోనిబ్బరం కూడా ఉండాలని తెలియజేయడం దీని ఉద్దేశం.

పాఠం

రావణవధానంతరం శ్రీరాముడు అయోధ్యకు తిరిగివచ్చింది పుష్పకవిమానం మీద. సీతాలక్ష్మణులే కాక విభీషణుడు, సుగ్రీవుడు, వానరవీరులు అందరూ ఆ విమానం ఎక్కారు. ఎందరు ఎక్కినా అందులో ఇంకొకరికి చోటు మిగిలే ఉంటుందని తెలుగువారి ఇళ్లలో పెద్దలు చెప్పే మాట. కిక్కిరిసిన ఆటోలోకి మరొకరిని రమ్మని పిలిస్తే, "ఇదేమన్నా పుష్పకవిమానమా?" అని పరిహాసమాడటం నేటికీ వినిపిస్తుంది.

మనిషి తయారుచేసిన విమానానికి ఆ మహిమ లేదు. అది మోయగలిగిన బరువుకు ఒక హద్దు ఉంది. నేల మీద నడిచే బండికి బరువు ఎక్కువైతే అది నెమ్మదిగా నడుస్తుంది. మరీ భారమైతే నిలిచిపోతుంది. అప్పుడు ఇద్దరు దిగి తోయవచ్చు, రెండు బస్తాలు దించవచ్చు. నింగిలోకి లేచిన విమానాన్ని ఆపి బరువు దించే వీలు లేదు. అందుచేత ఆ లెక్క అంతా నేల మీదనే, ఇంజను మొదలుపెట్టకముందే పూర్తికావాలి. విమానం నడపడం నేర్చుకొనే విద్యార్థికి మొదట నేర్పే పాఠాలలో ఇది ఒకటి. మనదేశంలో పదహారేళ్లు నిండినవారు విద్యార్థి పైలట్ లైసెన్సుకు అర్హులు కనుక, ఇంటర్మీడియట్ చదివే వయసులోనే ఈ బాధ్యత భుజాన పడే అవకాశం ఉంది.

బరువు లెక్క

ప్రపంచమంతటా శిక్షణకు పేరుపొందిన విమానాలలో సెస్నా 152 ఒకటి. దీనిని 1977 నుంచి 1985 వరకు తయారుచేశారు. ఇందులో రెండే సీట్లు. ఒకటి గురువుకు, మరొకటి శిష్యునికి. ఇంజను శక్తి 110 హార్స్‌పవర్. తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు 1,670 పౌండ్లు, అంటే సుమారు 757 కిలోలు. ఈ అంకెలో విమానం సొంత బరువు, ఇంధనం, మనుషులు, సామాను అన్నీ ఇమిడి ఉండాలి.

అమర్చిన పరికరాలను బట్టి ఒక్కొక్క విమానం ఖాళీ బరువు కొంత మారుతుంది. కాబట్టి ఏ విమానానికి ఆ విమానాన్ని తూచి, ఆ బరువును దాని పత్రాలలో నమోదు చేస్తారు. ఉదాహరణకు, ఒక విమానం ఖాళీ బరువు 520 కిలోలు అనుకొందాం. ఇక మిగిలేది 237 కిలోలు. వాడుకోదగిన ఇంధనం నిండుగా పోస్తే సుమారు 93 లీటర్లు. లీటరు బరువు 0.72 కిలో చొప్పున అది 67 కిలోలవుతుంది. మిగిలినవి 170 కిలోలు. గురువు బరువు 90 కిలోలు, శిష్యుని బరువు 74 కిలోలు అయితే వారిద్దరికే 164 కిలోలు చెల్లిపోతాయి. శిష్యుడు పుస్తకాల సంచి, నీళ్ల సీసాలు కలిపి 10 కిలోలు వెంట తెచ్చుకొన్నాడంటే విమానం 4 కిలోల మేర హద్దు దాటినట్లే.

సెస్నా 152 వెనకభాగంలోని సామాను అరలో 54 కిలోల వరకు ఉంచవచ్చని దాని పుస్తకంలో ఉంటుంది. ఆ అంకెను మాత్రమే చూసినవాడు 10 కిలోల సంచి ఒక లెక్కా అనుకొంటాడు. అర మోయగలిగిన బరువు వేరు, మొత్తం విమానం మోయగలిగిన బరువు వేరు. ప్రతి హద్దును విడివిడిగా పాటించాలి. ఒక హద్దులో మిగిలిన వెసులుబాటు మరొక హద్దును దాటడానికి అనుమతి కాదు.

ఈ చిక్కుకు పరిష్కారం సులభమే. ఈ విమానం గంటకు సుమారు 23 లీటర్ల ఇంధనం వాడుతుంది. గంటసేపు సాగే శిక్షణకు ట్యాంకులు నిండుగా ఉండనక్కర లేదు. 46 లీటర్లతో బయలుదేరితే గంట ప్రయాణానికి పోను మరో గంటకు సరిపడా నిల్వ మిగులుతుంది. ఇంధనం బరువు 67 నుంచి 33 కిలోలకు తగ్గుతుంది. అప్పుడు మొత్తం బరువు 727 కిలోలు. హద్దుకు ఇంకా 30 కిలోలు తక్కువ. సంచి దించనక్కర లేదు, ఎవరినీ ఆపనక్కర లేదు. కావలసినది ముందుగా కాగితం మీద లెక్క వేయడం.

నాలుగు కిలోలు ఎక్కువైతే విమానం పడిపోతుందా అని ఎవరైనా అడగవచ్చు. పడిపోకపోవచ్చు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. ఈసారి ఏమీ కాలేదు కనుక మరొకసారి పది కిలోలు, ఆపైన ఇరవై కిలోలు చేరుతాయి. గరిష్ఠ బరువు అనేది ప్రశాంతమైన గాలిలో తిన్నగా సాగేటప్పటి మాట మాత్రమే కాదు. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీల వాలుతో మలుపు తిరిగినప్పుడు రెక్కల మీద భారం రెట్టింపవుతుంది. గాలికుదుపులలోనూ ఆ భారం హెచ్చుతుంది. అటువంటి వేళ అక్కరకు రావలసిన బలాన్ని ముందే సామానుకు ఖర్చుచేయడం అవివేకం.

బరువు ఉండవలసిన చోటు

మొత్తం బరువు హద్దులో ఉన్నంత మాత్రాన పని పూర్తికాదు. ఆ బరువు ఎక్కడ ఉన్నదో కూడా చూడాలి. ఎడ్లబండిని తోలినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. బస్తాలన్నీ వెనకకు పేరిస్తే నొగలు పైకి లేచి, కాడి ఎడ్ల మెడలనుంచి జారిపోతుంది. ముందుకు పేరిస్తే భారమంతా ఎడ్ల మెడల మీద పడుతుంది. బస్తాలు అవే, బండి అదే. మారింది చోటు మాత్రమే.

విమానం మొత్తం బరువు ఏ బిందువు వద్ద కేంద్రీకృతమైనట్లు భావించవచ్చునో ఆ బిందువును గరిమనాభి అంటారు. దీనిని కనుగొనే పద్ధతి తేలికైనది. విమానంలో ఒక నిర్ణీతస్థానం నుంచి ప్రతి వస్తువు ఎంత దూరంలో ఉన్నదో కొలిచి, ఆ దూరాన్ని వస్తువు బరువుతో హెచ్చిస్తారు. ఆ లబ్ధాన్ని భ్రామకం అంటారు. అన్ని భ్రామకాలను కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి స్థానం తెలుస్తుంది. సెస్నా 152లో సీటు సుమారు 1 మీటరు దూరంలోను, దాని వెనక సామాను అర సుమారు 1.6 మీటర్ల దూరంలోను ఉంటాయి. 10 కిలోల సంచి ఒళ్లో ఉంటే దాని భ్రామకం 10, వెనక అరలో ఉంటే 16. బరువు పెరగలేదు, దాని పలుకుబడి పెరిగింది.

ఈ విమానం పూర్తి బరువుతో ఉన్నప్పుడు గరిమనాభి అటూ ఇటూ కదలడానికి అనుమతించిన పరిధి సుమారు 10 సెంటీమీటర్లు. మన పల్లెల కొలతలో చెప్పాలంటే బెత్తెడు. గరిమనాభి ఆ పరిధిని మించి ముందుకు జరిగితే విమానం ముక్కు బరువెక్కి, దిగేవేళ ముక్కును పైకి లేపడం కష్టమవుతుంది. వెనకకు జరిగితే ప్రమాదం మరింత తీవ్రం. ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. తోక దగ్గరి చుక్కాని దానిని కిందికి దించలేకపోవచ్చు. రెక్క గాలిని తాకే కోణం మితిమీరితే పైకెత్తే బలం ఒక్కసారిగా కుంగిపోతుంది. ఈ స్థితిని స్టాల్ అంటారు. గరిమనాభి బాగా వెనక ఉన్న విమానం స్టాల్ నుంచి, దాని వెంట వచ్చే గింగిరాల నుంచి తేరుకోలేకపోవచ్చు.

గాలి పలుచబడితే

విమానం మోయగల బరువును పుస్తకంలోని అంకె ఒక్కటే నిర్ణయించదు. ఆనాటి గాలి కూడా నిర్ణయిస్తుంది. సముద్రమట్టం నుంచి పైకి పోయినకొద్దీ గాలి పలుచబడుతుంది. వేడెక్కినా గాలి పలుచబడుతుంది. పలుచని గాలిలో ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, ప్రొపెల్లరుకు పట్టు తగ్గుతుంది, రెక్కకు ఆసరా తగ్గుతుంది. ఈ మూడు నష్టాలూ ఏకకాలంలో కలుగుతాయి.

హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం దశాబ్దాలపాటు శిక్షణ విమానాలు ఎగిరిన చోటు. సముద్రమట్టం నుంచి దాని ఎత్తు 1,742 అడుగులు. మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు ఉంటే, అక్కడి గాలి సాంద్రత సుమారు 5,100 అడుగుల ఎత్తున ఉండవలసిన సాంద్రతకు సమానమవుతుంది. ఇలా సాంద్రతను బట్టి లెక్కించే ఎత్తును డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. అంటే బేగంపేట రన్‌వే మీద నిలిచిన విమానం, మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండ కంటె ఎత్తయిన చోట ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. కంటికి కనిపించేది చదునైన నేల. రెక్కలకు తెలిసేది కొండ శిఖరం.

సముద్రమట్టంలో, ప్రామాణిక వాతావరణంలో సెస్నా 152 నేల విడవడానికి 725 అడుగుల పరుగు చాలు. నిమిషానికి 715 అడుగుల చొప్పున అది పైకి ఎక్కగలదు. బేగంపేట ఎండలో ఆ పరుగు పొడవు పెరుగుతుంది. ఎక్కే వేగం ఇంచుమించు మూడింట ఒక వంతు పడిపోతుంది. దీనికి తోడు, బరువు పది శాతం పెరిగితే పరుగు దూరం ఇరవై శాతానికి పైగా పెరుగుతుంది. బరువుతో పాటు స్టాల్ సంభవించే వేగం కూడా పెరుగుతుంది. వేసవిలో సూర్యోదయ వేళ, గాలి చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు శిక్షణ జరపడంలోని ఔచిత్యం ఇదే.

చెయెన్‌లో జరిగినది

అధిక బరువు, పలుచని గాలి, తొందరపాటు ఒకేచోట కలిస్తే ఏమవుతుందో 1996లో అమెరికాలో జరిగిన ఒక దుర్ఘటన తెలియజేస్తుంది. ఏడేళ్ల బాలిక ఒకతె విమానం నడుపుతూ ఆ ఖండాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు దాటాలని ఆమె తండ్రి సంకల్పించాడు. వారి వెంట శిక్షకుడు ఉన్నాడు. చట్టరీత్యా విమానానికి పైలట్ అతడే. నాలుగు సీట్లు గల సెస్నా 177బి విమానంలో ఏప్రిల్ 10న ముగ్గురూ పసిఫిక్ తీరంలోని హాఫ్ మూన్ బే నుంచి బయలుదేరారు. ఆ విమానాశ్రయం సముద్రమట్టానికి వంద అడుగుల ఎత్తున కూడా లేదు. పత్రికలు, టెలివిజన్ సంస్థలు వారి యాత్రను అడుగడుగునా అనుసరించాయి.

మరునాటి ఉదయం వారు వ్యోమింగ్ రాష్ట్రంలోని చెయెన్ నుంచి బయలుదేరవలసి ఉంది. ఆ విమానాశ్రయం ఎత్తు సుమారు 6,150 అడుగులు. ఆనాటి డెన్సిటీ ఆల్టిట్యూడ్ 6,670 అడుగులని దర్యాప్తులో తేలింది. విమానం గరిష్ఠ బరువు 1,134 కిలోలు కాగా, దానికి మించి 40 కిలోలకు పైగా బరువు ఉంది. పైగా ఉరుములతో కూడిన వాన సమీపించింది. ఆగడానికి అవకాశం ఉన్నా వారు ఆగలేదు. నేల విడిచిన విమానం ఎత్తు అందుకోలేక, మలుపు తిరుగుతూ స్టాల్‌కు లోనై కూలిపోయింది. ముగ్గురూ మరణించారు.

అధికమైన బరువు నూటికి నాలుగు పాళ్లయినా లేదు. సముద్రతీరంలో, నిర్మలమైన ఉదయాన అంత మాత్రపు బరువు వల్ల ఏ హానీ కలగకపోయేదేమో. చెయెన్‌లో అది ఒంటరిగా రాలేదు. పలుచని గాలి దానికి తోడయింది, గాలివాన తోడయింది. శిక్షకుడు అంతటి ఎత్తులకు అలవాటుపడినవాడు కాడు. పత్రికలకు, టెలివిజన్‌కు ఇచ్చిన మాట, ముందే ప్రకటించిన కార్యక్రమం తొందరపెట్టాయి. శక్తికి మించిన ఆ కార్యక్రమానికి కట్టుబడాలనే ఆరాటం కూడా ప్రమాదానికి దోహదం చేసిందని అమెరికా దర్యాప్తు సంస్థ తన నివేదికలో పేర్కొంది. అత్యాశకు బలి అయినది ఒక పసిప్రాణం. రికార్డుల కోసం లైసెన్సు లేనివారి చేత విమానం నడిపించడాన్ని నిషేధిస్తూ ఆ దేశపు చట్టసభ అదే ఏడాది చట్టం చేసింది.

సగటు మనిషి

బరువు కావాలని పెంచకపోయినా, లెక్కలో వాడిన అంకె తప్పు కావచ్చు. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లట్ నగరంలో 19 మంది ప్రయాణికులతో లేచిన ఒక బీచ్‌క్రాఫ్ట్ 1900డి విమానం, ముక్కు నిటారుగా పైకి లేచి, అదుపు తప్పి కూలింది. ఇద్దరు సిబ్బందితో సహా 21 మంది చనిపోయారు. తోక చుక్కానిని కదిలించే తీగను మరమ్మతులో సరిగా బిగించకపోవడం ఒక కారణం. గరిమనాభి అనుమతించిన హద్దు కంటె వెనక ఉండటం మరొక కారణం.

కాగితం మీద ఆ విమానం హద్దులోనే ఉంది. ప్రయాణికులను విడివిడిగా తూచకుండా, మనిషికి ఇంత, పెట్టెకు ఇంత అని సగటున లెక్కించడం ఆనాటి ఆచారం. ఆ సగటులు పాతబడ్డాయి. మనుషుల బరువులు, సామాన్ల బరువులు వాటిని దాటిపోయాయి. ప్రమాదం తరువాత చిన్న విమానాలలో ప్రయాణించేవారిని నిజంగా తూచి చూసి, సగటు అంకెలను పెంచారు. వందల మంది ఎక్కే పెద్ద విమానంలో బరువైనవారు, తేలికైనవారు కలిసి సగటు సరిపోతుంది. ఇద్దరే కూర్చొనే విమానంలో సగటు మనిషి ఉండడు. ఉండేది ఎదుట నిలిచిన మనిషే. అతని బరువును అడిగి తెలుసుకోవాలి, అనుమానం ఉంటే తూచాలి.

కాదని చెప్పగల ధైర్యం

ఈ లెక్కలలో కూడికలు, హెచ్చవేతలు, భాగహారాలు తప్ప మరేమీ లేవు. ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం వీటిని చేయగలడు. మరి హద్దులు ఎందుకు దాటుతారు? లెక్క రాక కొందరు, లెక్క చేయక కొందరు, లెక్క తెలిసి కూడా చెప్పడానికి మొహమాటపడి మరికొందరు. విమానం వద్దకు వచ్చిన మిత్రునితో "నీవు ఈసారి రావద్దు" అనడం కష్టం. పెద్దవాడైన ప్రయాణికుని "మీ బరువెంత?" అని అడగడం మరీ కష్టం. దూరం నుంచి పండ్లబుట్ట మోసుకొని వచ్చిన బంధువుతో దానిని వదిలి రమ్మనడానికి నోరు రాదు. మన సమాజంలో ఇటువంటి మాటలు మర్యాద కాదనిపిస్తాయి. 'ఎలాగో సర్దుకొందాం' అనే మాట నేల మీద ఎన్నో స్నేహాలను నిలిపింది. గాలిలో ఆ మాటకు విలువ లేదు. మనుషుల వరుసలు, హోదాలు, అభిమానాలు రెక్కలకు తెలియవు. వాటికి తెలిసినది తూకం ఒక్కటే.

అందుచేతనే మంచి శిక్షకుడు శిష్యుని చేత లెక్క వేయించి ఊరుకోడు. అంకె హద్దు దాటినప్పుడు ఏం చేస్తావని అడుగుతాడు. ఇంధనం తగ్గిస్తావా, సామాను దించుతావా, చల్లబడే వరకు ఆగుతావా, ఒకరిని నేల మీద వదిలి రెండవసారి తీసుకుపోతావా? ఈ నాలుగింటిలో ఏదో ఒక దానిని ఎంచుకొని, దానిని ఎదుటివారికి వినయంగా, స్థిరంగా చెప్పడం శిష్యుడు నేర్చుకోవాలి. చెప్పిన ఆ ఒక్క నిమిషం ఎదుటివారు నొచ్చుకోవచ్చు. ఆ నొప్పి సాయంత్రానికి మానిపోతుంది.

పుష్పకవిమానంలో ఇంకొకరికి ఎప్పుడూ చోటుంటుంది. సెస్నా విమానంలో ఉండదు. విమానం ఎక్కేవారి ప్రాణాలు ఈ తేడాను ఎరిగిన పైలట్ చేతిలో ఉంటాయి. అతడు రన్‌వే మీదికి రాకముందే, ఒక చిన్న కాగితం మీద వేసిన లెక్కతో వారి క్షేమానికి పూచీపడతాడు.

కఠిన పదాలకు అర్థాలు

గరిమనాభి : వస్తువు మొత్తం బరువు కేంద్రీకృతమైనట్లు భావించే బిందువు
భ్రామకం : బరువును దూరంతో హెచ్చించగా వచ్చే లబ్ధం
సాంద్రత : చిక్కదనం
నొగలు : ఎడ్లబండి ముందుకు చాచి ఉండే పొడవైన కర్రలు
కాడి : ఎడ్ల మెడల మీద ఉంచే అడ్డకర్ర
బెత్తెడు : నాలుగు వేళ్ల వెడల్పు గల కొలత
దోహదం : తోడ్పాటు
పూచీపడు : బాధ్యత వహించు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చిన్న విమానం మోయగల బరువును నిర్ణయించే అంశాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. చెయెన్ దుర్ఘటనకు దారితీసిన పరిస్థితులను విశ్లేషించండి. బరువు ఒక్కటే కారణమని చెప్పవచ్చునా?

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఎడ్లబండి ఉదాహరణ ద్వారా రచయిత వివరించిన సూత్రం ఏమిటి?
2. మే నెల మధ్యాహ్నం బేగంపేట రన్‌వే కొండ శిఖరంతో సమానమని ఎందుకు చెప్పవచ్చు?
3. చిన్న విమానానికి సగటు బరువులు ఎందుకు పనికిరావు?
4. 'మొహమాటం' విమానయానంలో ఎలా హాని చేయగలదో మీ మాటల్లో రాయండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సెస్నా 152 గరిష్ఠ బరువు ఎంత?
2. స్టాల్ అంటే ఏమిటి?
3. భ్రామకాన్ని ఎలా లెక్కిస్తారు?

IV. భాషాంశాలు
సంధులు
విమానాశ్రయం = విమాన + ఆశ్రయం : సవర్ణదీర్ఘసంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం : గుణసంధి
అత్యాశ = అతి + ఆశ : యణాదేశసంధి
పైకెత్తు = పైకి + ఎత్తు : ఇత్వసంధి

సమాసాలు
సీతాలక్ష్మణులు : సీతయును, లక్ష్మణుడును – ద్వంద్వ సమాసం
రావణవధ : రావణుని యొక్క వధ – షష్ఠీ తత్పురుష సమాసం
పుష్పకవిమానం : పుష్పకమనే పేరుగల విమానం – సంభావనా పూర్వపద కర్మధారయ సమాసం

V. ప్రాజెక్టు పని
ఒక విమానం గరిష్ఠ బరువు 757 కిలోలు, ఖాళీ బరువు 530 కిలోలు, గురువు బరువు 82 కిలోలు, శిష్యుని బరువు 68 కిలోలు, సంచి బరువు 12 కిలోలు. ఎన్ని లీటర్ల ఇంధనం పోయవచ్చునో లెక్కించండి. ఆ ఇంధనంతో నిల్వకు ఒక గంట విడిచి ఎంతసేపు ప్రయాణించవచ్చునో తెలపండి.